బూట్ అవ్వకూడని సీడీ

ముందే చెప్తున్నాను, నేను దయ్యాలూ భూతాలూ నమ్మే మనిషిని కాదు. మా పేటలో మిరప కల్లం సమాధుల పక్కనే ఉండేది. కాయ ఎండే రోజుల్లో కాపలాకి మగవాళ్ళు వెనకాడితే నేనే దుప్పటి చంకన పెట్టుకుని వెళ్ళి పడుకునేదాన్ని. అలా పదేళ్ళు పడుకున్నాను. దోమలు తప్ప నన్ను ఇంకేవీ పీక్కు తినలేదు. చనిపోయినవాళ్ళు తీర్పు రోజు దాకా లేవరని మా పాస్టరు గారు చెప్పారు. నాకు ఆ మాట చాలు.

మరి ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఊరి కంప్యూటర్ సంగతి ఈమధ్య ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. తెల్ల చొక్కా మనిషి కనపడ్డాడంట, గదిలో సాంబ్రాణి వాసన వచ్చిందంట. శుద్ధ అబద్ధం. ఎవరూ కనపడలేదు, ఏ వాసనా రాలేదు. అక్కడ మెషిన్ ముందు కూర్చున్నది నేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆపైన మీ ఇష్టం.

నా పేరు రాహేలమ్మ. మాది మార్టూరు అవతల చిన్న పల్లె. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాది వేలిముద్రే. మా చర్చి వెనక గదిలో పెద్దవాళ్ళకి బడి పెడితే సిగ్గు విడిచి వెళ్ళి కూర్చున్నాను. మా ఎస్తేరు వదినా నేనూ ఒకే పలక మీద దిద్దుకున్నాం. మా ఆయన పోయాక గుంటూరు చేరి, కొన్నాళ్ళు మిర్చి యార్డులో పనిచేశాను. తర్వాత బ్రాడీపేటలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఆయాగా కుదిరాను. ఊడవడం, తుడవడం, టీలు అందించడం, గుమ్మం దగ్గర పిల్లలు చెప్పులు విప్పారో లేదో చూడటం నా పని.

అక్కడ పాఠాలు చెప్పే సార్ పేరు సుధాకర్. ముప్పై దాటని వయసు, సన్నగా గాలికి ఎగిరిపోయేలా ఉండేవాడు. నెలకోసారి పిల్లలు ఎక్కడెక్కడివో ఫ్లాపీలు తెచ్చి వైరస్ ఎక్కించేవాళ్ళు. ఆదివారం వస్తే సార్ ఒక్కడే కూర్చుని ఇరవై మెషిన్లకీ మళ్ళీ మొదటినుంచి ఓఎస్, అంటే మెషిన్‌ని నడిపే ప్రోగ్రాం, వేసుకునేవాడు. నేను నేల తుడుస్తూ చూసేదాన్ని. ఒకరోజు, "రాహేలమ్మ గారూ, ఆ చివరి వరసలో సీడీలు మార్చి ఎంటర్ నొక్కుతూ రండి" అన్నాడు. నొక్కుతూ వచ్చాను. రెండు నెలలకి ఏ తెర తర్వాత ఏ తెర వస్తుందో చదవకుండానే చెప్పేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆ కీబోర్డు మీదే పట్టాను. ఆ తర్వాత ఆదివారాలు సార్ కాఫీ తాగుతుంటే ఇరవై మెషిన్లకీ నేనే వేసేదాన్ని. గొప్పకి చెప్పడం లేదు, చేసిన పని చెప్తున్నాను.

సార్‌కి ఒక పిచ్చి ఉండేది. లినక్స్ అనే ఓఎస్‌లో తెర మీద వచ్చే మాటలన్నీ తెలుగులో పెట్టాలని. అప్పట్లో అలా చేసేవాళ్ళు అక్కడక్కడా ఉండేవాళ్ళంట. సార్ డిక్షనరీ మాటలు పెట్టేవాడు కాదు. టీ ఇచ్చినప్పుడు నన్ను అడిగేవాడు. "క్యాన్సిల్ అంటే మీ ఊళ్ళో ఏమంటారండీ?" అని అడిగితే, "వద్దులే అంటాం సార్, ఇంకేమంటాం" అన్నాను. గబగబా రాసుకున్నాడు. సేవ్ అంటే దాచు అన్నాను. అదీ రాసుకున్నాడు. నా మాటలు మెషిన్‌లోకి ఎక్కుతాయంటే నవ్వుకునేదాన్ని.

ఆ పని సగంలో ఉండగానే సార్‌కి పచ్చకామెర్లు వచ్చాయి. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. పదమూడో రోజు పోయాడు. జూన్ నెల అది. పెళ్ళయి మూడేళ్ళు. ఆయన భార్య శాంతిని ఆరోజు పట్టుకుని కూర్చోబెట్టింది నేనే.

తర్వాతి మిరప కోతలప్పుడు మా ఊరికి ఒక కంప్యూటర్ వచ్చింది. చర్చి వెనక గదిలో ఇంకా బడి నడుస్తూనే ఉంది. ఆ బడుల్ని చూసుకునే ఆఫీసరు గారు ఎక్కడో పక్కన పడేసిన పాత మెషిన్ ఒకటి ఇప్పించారు. అయితే షరతు పెట్టారు. లోపల హార్డ్ డిస్క్ తుడిచేసి ఖాళీగా ఉంది. పదిహేను రోజుల్లో దాన్ని నడిపించి చూపిస్తే ఊళ్ళో ఉంటుంది. లేకపోతే హైస్కూలుకి ఎత్తుకుపోతారు. ఎస్తేరు వదిన ఊరికే ఉండక, "మా రాహేలు ఉందిగా, అది చూసుకుంటుంది" అని అందరి ముందూ మాటిచ్చేసింది. నేనూ సరే అన్నాను. ఇరవై మెషిన్లకి వేసినదాన్ని, ఒక్కదానికి వెయ్యలేనా?

పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఆ పెట్టె మీద ఆశ పెట్టుకున్నారు. పలకలు తప్ప ఇంకేదీ ముట్టుకోనివాళ్ళు. ఆ మెషిన్ పోతే మళ్ళీ ఆ గదికి ఇంకేదీ రాదని అందరికీ తెలుసు.

సెంటర్‌లో సార్ వాడిన మెషిన్‌లో లినక్స్ ఫైలు ఒకటి ఉంది. ఆస్పత్రికి వెళ్ళడానికి వారం ముందు నెట్ నుంచి దింపింది. ఐఎస్ఓ ఫైలు అంటారు. మొత్తం సీడీ ఎలా ఉంటుందో అలాగే అచ్చుగుద్ది ఒకే ఫైలులో పెడతారు. దాన్ని మళ్ళీ ఖాళీ సీడీ మీదకి దించితే అసలు సీడీలాంటిదే తయారవుతుంది. దాంతో మెషిన్‌కి ఓఎస్ వెయ్యొచ్చు. సార్ ఎప్పుడూ తనే దించి ఇచ్చేవాడు, నేను వాడేదాన్ని. దించడం మాత్రం నేను ఎప్పుడూ చెయ్యలేదు. కానీ సార్ చెప్పిన మాట ఒకటి గుర్తుంది. ఆ ఫైలు విప్పకూడదు, ఉన్నది ఉన్నట్టు దించాలి అని.

ఆ మాట నాకు నా పద్ధతిలో అర్థమైంది. యార్డులో మిర్చి టిక్కీ, అంటే కాయ తొక్కి కుట్టిన గోతం, ఒకసారి కుట్టాక మళ్ళీ విప్పరు. కుట్టింది కుట్టినట్టే లారీ ఎక్కిస్తారు. విప్పినవాడికి చీవాట్లు. నేనూ ఆ ఫైలుని అలాగే పట్టుకుని, లారీలోకి టిక్కీ వేసినట్టు సీడీ మీదకి వేశాను. బర్న్ అయిందని వచ్చింది. మార్కర్‌తో నా పేరు రాసి, పాత కవర్‌లో పెట్టుకుని బస్సెక్కాను.

చేసింది తప్పని అప్పుడు నాకు తెలియదు.

ఆఫీసరు గారు మధ్యాహ్నం మూడింటికి వస్తామన్న రోజు అది. పొద్దున పదింటికి సీడీ పెట్టి మెషిన్ ఆన్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. బూట్ చేసే సీడీ, అంటే మెషిన్‌ని లేపే సీడీ, పెట్టి ఎంటర్ నొక్కు అంటోంది. పెట్టిందే కదా! నొక్కాను. మళ్ళీ అదే. సీడీ తీసి పైటతో తుడిచి పెట్టాను. అదే. మూడోసారీ అదే.

కూలికి పోకుండా ఆ పూట మానుకుని వచ్చిన ఆడవాళ్ళు గోడవారగా కూర్చుని చూస్తున్నారు. ఎస్తేరు వదిన ఉండబట్టలేకపోయింది.

"ఏమే రాహేలూ, గుంటూరులో నేర్చుకొచ్చిన విద్య ఇదేనా? నీ పెట్టె మొహం నల్లగా పెట్టుకుని కూర్చుంది."

"నీ నోటికో దండం వదినా, కాసేపు ఊరుకో."

"నేను ఊరుకుంటానే, ఆఫీసరు ఊరుకుంటాడా? మూడు వందల సార్లు చెప్పాను నీ గురించి ఆయనకి. నా పరువు తియ్యకు."

గుంటూరు వెళ్ళి ఇంకో సీడీ తెద్దామంటే చిలకలూరిపేటలో బస్సు మారి వెళ్ళి రావడానికే సాయంత్రం అవుతుంది. పన్నెండింటికి కరెంటు కూడా పోయింది. కోత వేళ అది, రోజూ పోయేదే, రెండింటికి వస్తుంది. ఆడవాళ్ళు అన్నాలకి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. మెషిన్ ముందే స్టూలు మీద కూర్చున్నాను. గది తలుపు ఒకటే, నేను దానికి ఎదురుగానే ఉన్నాను. నిద్రపోలేదు. ఎవరూ లోపలికి రాలేదు. సీడీ డ్రైవులోనే ఉంది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే తర్వాత అందరూ అడిగిన ప్రశ్నలు ఇవే.

రెండింటికి ఆడవాళ్ళు తిరిగి వచ్చారు. కాసేపటికి కరెంటూ వచ్చింది. స్విచ్ వేసే ఉంది కాబట్టి మెషిన్ దానంతటదే ఆన్ అయింది. అందులో వింతేం లేదు, కొన్ని మెషిన్లకి ఆ అలవాటు ఉంటుంది. సీడీ గిర్రున తిరిగింది. ఈసారి నల్ల తెర రాలేదు. లేత నీలం తెర వచ్చింది. మధ్యలో చిన్న పెట్టె, అందులో తెలుగు అక్షరాలు.

"ఈ డిస్కులో ఏమీ లేదు. నాటమంటారా?"

కింద రెండు బొత్తాలు. ఒకదాని మీద "నాటు", ఇంకోదాని మీద "వద్దులే".

వద్దులే చూడగానే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సార్ నాకు చెప్పకుండా పని పూర్తిచేసి ఈ ఫైలులో పెట్టాడన్నమాట అనుకున్నాను. భయం ఏం వెయ్యలేదు. సంతోషమే వేసింది. కానీ ఆ పక్క బొత్తాం మీద చెయ్యి పెట్టబోయి ఆగిపోయాను.

ఎందుకంటే ఇన్‌స్టాల్ అనే మాటకి తెలుగేమిటని సార్ నన్ను చాలాసార్లు అడిగాడు. నేను చెప్పలేకపోయాను. ఎక్కించు అన్నాను, పెట్టు అన్నాను, ఆయనకి నచ్చలేదు. ఆలోచించి చెప్పండి అన్నాడు. ఆలోచించేలోపు పోయాడు. ఆయన పోయిన మూడో నెలలో మా తమ్ముడి చేలో మిరప నారు వెయ్యడానికి వెళ్ళాను. నడుం వంచి మొక్క పెడుతుంటే తట్టింది. ఖాళీ నేలలో తెచ్చి పెడుతున్నాం, అది అక్కడే వేరు పట్టుకుని బతకాలి. నాటడం. సార్ అడిగింది ఈ మాటే కదా అనుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. పోయిన మనిషితో ఏం చెప్తాం? ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఇంట్లో అనలేదు, సెంటర్‌లో అనలేదు, ప్రార్థనలో కూడా అనలేదు.

"నా... టు" అని ఎస్తేరు వదిన కూడబలుక్కుని చదివింది. "నాటవే, చూస్తావేంటి? రెండున్నర అవుతోంది!"

నాటాను. నాకు తెలిసిన వరసలోనే తెరలు వచ్చాయి, అన్నీ తెలుగులో. ఒక్కో తెర రాగానే గోడవారన ఉన్నవాళ్ళంతా లేచి వచ్చి పైకి చదివారు. ఊరు ఏదని అడిగింది, టైము అడిగింది. పేరు అడిగితే ఎస్తేరు వదిన తన పేరే పెట్టమంది. ఇంగ్లీషులోనే కొట్టి పెట్టాను. నాటుతున్న గీత నెమ్మదిగా నిండుతోంది.

మూడింటికి ఆఫీసరు గారు జీపు దిగారు. గుమ్మంలోనే నిలబడి, "ఏమ్మా, నడుస్తోందా లేదా?" అన్నారు.

"నాటుతోందండి. పావుగంట కూర్చోండి" అన్నాను.

ఆయన తెర దగ్గరికి వచ్చి వంగి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఈ తెలుగు ఎక్కడ దొరికిందమ్మా మీకు? మా ఆఫీసు మెషిన్లలోనే లేదు" అన్నారు. మా సార్ చేశాడండి అన్నాను. పావుగంటకి మెషిన్ తిరిగి లేచింది. తెర మీద ఉన్న మాటలన్నీ పద్దెనిమిది మందీ ఒకరి తర్వాత ఒకరు వేలు పెట్టి చదివారు. ఒకావిడ చెత్తబుట్ట అని చదివి పకపకా నవ్వింది. ఆఫీసరు గారు కాగితం మీద సంతకం పెట్టి, "ఇది ఎక్కడికీ పోదు, మీ దగ్గరే ఉంటుంది" అనేసి వెళ్ళారు.

ఇంతవరకూ ఇది సంతోషమే.

మర్నాడు గుంటూరు వెళ్ళి, కొత్తగా చేరిన సార్‌కి గొప్పగా ఆ సీడీ ఇచ్చాను. ఆయన పెట్టి చూసి, "ఏంటమ్మా ఇది? ఐఎస్ఓ ఫైలుని ఫైలులాగే కాపీ చేశారు, ఇమేజ్‌గా బర్న్ చెయ్యలేదు. ఇది ఎక్కడా బూట్ అవ్వదు" అన్నాడు. తెర మీద చూపించాడు. సరిగ్గా దించిన సీడీ తెరిస్తే లోపల బోలెడు ఫోల్డర్లు ఉంటాయి. నా సీడీలో ఒకే ఒక ఫైలు ఉంది. కుట్టిన టిక్కీ కుట్టినట్టే. లోపలున్న కాయ మెషిన్‌కి ఎలా కనపడుతుంది?

నిన్న అయిందయ్యా అంటే ఆయన నవ్వాడు. నేను ఊరుకోలేదు. ఆ ఆదివారం ఇరవై మెషిన్లలోనూ ఒక్కోదాంట్లో పెట్టి చూశాను. ఇరవైలోనూ నల్ల తెరే. సీడీ మారిందేమో అంటారా? దాని మీద నా చేతిరాత ఉంది, ఆరోజు పొద్దున గదిలోకి తెస్తుంటే తలుపు గొళ్ళేనికి గీరుకున్న గీత ఉంది. మెషిన్‌లో ముందే ఏదో ఉందేమో అంటారా? ఖాళీ అని ఆఫీసరు గారి కాగితంలోనే ఉంది, పొద్దున నేను మూడుసార్లు కళ్ళారా చూశాను.

పోనీ అని కొత్త సార్ చేత అదే ఫైలుని పద్ధతిగా ఇమేజ్‌లా ఇంకో సీడీ మీదకి దింపించాను. అది ఎక్కింది. మొదటి తెర నుంచి చివరి తెర దాకా ఇంగ్లీషే. భాషల జాబితాలో వెతికాను. తెలుగు లేనే లేదు. ఆ ఫైలులో లేని తెలుగు మా ఊళ్ళో ఎలా వచ్చింది?

అప్పుడు శాంతి ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. సార్ సొంత కంప్యూటర్ ఆమె దగ్గరే ఉంది. మాటలు రాసుకున్న ఫైలు తెరిచి చూశాం. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. వద్దులే ఉంది, దాచు ఉంది. సగానికి పైగా ఖాళీ. ఇన్‌స్టాల్ ఎదురుగా ఒక ప్రశ్న గుర్తు పెట్టి వదిలేశాడు.

శాంతి ఆ ఫైలు మూసేసింది. తర్వాత, "ఆ మెషిన్ నేను చూడొచ్చా పిన్ని గారూ?" అంది.

ఆ తర్వాతి శనివారం తీసుకొచ్చాను. ఆడవాళ్ళు కుర్చీ తుడిచి వేశారు. శాంతి ఒక్కో మెనూ తెరిచి చదువుకుంటూ పోయింది. ఏడవలేదు. కొన్నిచోట్ల తల ఊపింది. పొద్దువాలుతోందని ఎస్తేరు వదిన రోజూలాగే మెషిన్ ఆపబోయింది. ఆపేటప్పుడు వచ్చే చిన్న పెట్టె వచ్చింది. ఆడవాళ్ళు రోజూ చూసేదే, ఎవరూ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఇక చాలా?" అని ఉంటుంది. కింద రెండు బొత్తాలు. "చాలు". "ఇంకాసేపు".

శాంతి ఎస్తేరు వదిన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇది ఎవరు చెప్పారు ఆయనకి?" అని నన్ను అడిగింది. నేను చెప్పలేదన్నాను. ఆ లైను కూడా ఫైలులో ఖాళీగానే ఉందని ఇద్దరికీ గుర్తే. అప్పుడు చెప్పింది. సార్ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే లేచేవాడు కాదంట. అన్నం చల్లారిపోతోందని ఆమె గుమ్మం దగ్గర నిలబడి రోజూ ఆ మాటే అడిగేదంట. ఆయన వెనక్కి తిరక్కుండా రోజూ ఆ రెండో మాటే అనేవాడంట. మూడేళ్ళూ అంతే. వాళ్ళిద్దరికీ తప్ప ఆ మాట ఎవరికీ తెలియదు.

ఆ మెషిన్ ఇంకో నాలుగేళ్ళు నడిచింది. మధ్యలో కొత్త సార్ వచ్చి, లినక్స్‌లో తెలుగు బాగా వచ్చేసింది, పాతది తీసి కొత్తది వేస్తానన్నాడు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఒక వానాకాలం పిడుగు పడి మెషిన్ మొత్తం కాలిపోయింది, హార్డ్ డిస్క్‌తో సహా. కాబట్టి ఇప్పుడు చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు. సీడీ ఉంది. దాంట్లో ఒకే ఫైలు ఉంది. ఎవరైనా పెట్టి చూసుకోవచ్చు, బూట్ అవ్వదు.

సార్ వచ్చి చేశాడని నేను అనను. చనిపోయినవాళ్ళు రారు. ఆ తర్వాత వందల మెషిన్లకి ఓఎస్ వేశాను, కొత్త సార్లకి నేర్పాను, ఎక్కడ తప్పు జరిగినా పట్టుకోగలను. ఇది మాత్రం పట్టుకోలేకపోయాను.

ఆ శనివారం శాంతి మౌస్ తీసుకుంది. బాణం గుర్తు చాలాసేపు ఆ రెండు బొత్తాల మధ్య తిప్పింది. చివరికి "ఇంకాసేపు" నొక్కింది. పెట్టె మాయమైంది, నీలం తెర మిగిలింది. చిలకలూరిపేట బస్సు హారన్ వినపడినా ఆమె లేవలేదు. మేమూ లేపలేదు.